పిల్లల మౌల్వీ సాహెబ్ – ఇస్మాయిల్ మీరఠీ

మన ఇళ్ళల్లో పిల్లవాడికి గాని ఆడపిల్లకు గాని నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులు నిండితే బిస్మిల్లా చేయిస్తాం. కొత్త బట్టలు తొడిగి, మెడలో పూలదండ వేసి, మౌల్వీ సాహెబ్ ముందు కూర్చోబెట్టి, ఇఖ్రా ఆయతులు నోట పలికించి, వచ్చిన వారందరికీ మిఠాయి పంచిపెడతాం. సాయంత్రానికి వేడుక అయిపోతుంది. అసలు పని మరునాడు మొదలవుతుంది. ఆ పసివాడికి అలీఫ్ అంటే నిలువు గీత అనీ, బే కింద ఒక చుక్క ఉంటుందనీ కంటికి తెలియాలి. కంటికి తెలిసినది నోటికి రావాలి. నోటికి వచ్చినది మనసుకు అందాలి. ఈ మూడూ కలిస్తేనే చదువు.

ఈ మరునాటి పనిని గురించి సభల్లో ఎవరూ పెద్దగా మాట్లాడరు. మన సంఘాలు పై చదువులకు స్కాలర్‌షిప్పులు ఇస్తాయి, పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు బహుమతులు ఇస్తాయి. మంచిదే. కాని ఒకటో తరగతిలో చదవడం పట్టుబడక, రెండో తరగతిలో సిగ్గుపడి, మూడో తరగతిలో బడి మానేసి, మెకానిక్ షెడ్డులోకో బీడీల చాట దగ్గరకో వెళ్ళిపోయిన పిల్లలు ఆ బహుమతి దాకా రారు కదా! ఆ మొట్టమొదటి మెట్టు గురించి ఆలోచించి, దాని కోసం పుస్తకాలు వ్రాసి, పాటలు కట్టిన ఒక పెద్దమనిషి ఉన్నారు. ఆయనే మౌల్వీ ముహమ్మద్ ఇస్మాయిల్ మీరఠీ గారు. ఉర్దూ బడిలో చదువుకున్న మన పెద్దలకు ఆయన పేరు గుర్తు లేకపోయినా ఆయన వ్రాసిన ఆవు పాట గుర్తుంటుంది. తెలుగు మీడియంలో చదివిన తరానికి మాత్రం ఆ పాటా తెలియదు, ఆ పేరూ తెలియదు. అందుకే ఆయన జీవితాన్ని ఇక్కడ తెలుగులో చెప్పవలసి వస్తున్నది.

ఇస్మాయిల్ గారు 1844 నవంబరు 12న మీరట్ పట్టణంలో, మషాయిఖాన్ అనే మొహల్లాలో పుట్టారు. తండ్రి పేరు షేక్ పీర్ బఖ్ష్. ఆ కాలపు ఆనవాయితీ ప్రకారం మొదటి చదువు ఇంట్లోనే, తండ్రి దగ్గరే జరిగింది. ఖుర్ఆన్ షరీఫ్, ఆ తరువాత ఫార్సీ. ఫార్సీలో ఇంకా లోతుకు వెళ్ళడానికి మీర్జా రహీం బేగ్ అనే పండితుని దగ్గర చేరారు. ఈ రహీం బేగ్ సామాన్యుడు కాడు. ఒక ఫార్సీ నిఘంటువు విషయంలో మీర్జా గాలిబ్‌తోనే తగవుపడి, గాలిబ్ పుస్తకానికి జవాబుగా మరో పుస్తకం వ్రాసినవాడు. గాలిబ్ మళ్ళీ ఆయనకు జవాబు వ్రాశారు. పెద్దల తగవు పెద్దలది. మనకు కావలసింది ఏమిటంటే, మాటను తూచి, ప్రతి అక్షరాన్నీ పట్టిపట్టి చూసే గురువు దగ్గర ఈ పిల్లవాడు తయారయ్యాడు.

అప్పటి మక్తబ్ చదువు ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి. లేకపోతే ఇస్మాయిల్ గారు చేసిన మార్పు ఏమిటో తెలియదు. పసిపిల్లలకు పాట రూపంలో, అంత్యప్రాసలతో నేర్పడం అనేది ఆయన కనిపెట్టింది కాదు. అంతకు ముందు ఎన్నో తరాలుగా మక్తబులలో ఖాలిఖ్ బారీ అనే చిన్న పుస్తకాన్ని పిల్లలచేత వల్లెవేయించేవారు. అందులో అరబీ, ఫార్సీ మాటలకు హిందవీ అర్థాలు పద్యంలో కూర్చి ఉంటాయి. అది అమీర్ ఖుస్రో రచన అని జనంలో గట్టి నమ్మకం. తరువాతి కాలంలో హాఫిజ్ మహమూద్ షేరానీ అనే పరిశోధకుడు అది ఖుస్రోది కాదు, జహంగీర్ కాలం నాటి మరొకరిది అని వాదించారు. ఎవరిదైతేనేం, లక్షలమంది నోట ఆడింది. గాలిబ్ కూడా తన ఇంట పెరుగుతున్న పిల్లల కోసం, అంటే భార్య తరఫు బంధువు ఆరిఫ్ చనిపోగా అనాథలైన ఇద్దరు మగపిల్లల కోసం, అదే పద్ధతిలో ఖాదిర్‌నామా అని ఒకటి వ్రాశారు. అది 1856లో అచ్చయింది. అంతటి మహాకవి కూర్చుని పిల్లలకు మాటల జాబితా ప్రాస కట్టి ఇచ్చారంటే, ప్రాసకు ఉన్న పట్టు ఎంతటిదో ఆనాటి వారికి బాగా తెలుసు.

అయితే ఒక ఇబ్బంది ఉంది. ఆ పుస్తకాలు పసివాడికి రాని భాషలోని మాటలను నోటికి ఎక్కించడానికి పుట్టినవి. పిల్లవాడు గడగడా అప్పజెబుతాడు. అక్షరం చూసి చెబుతున్నాడా, చెవిలో పడినది తిప్పి అంటున్నాడా అని ఎవరూ అడగరు. పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూడా అప్పజెప్పగలడు. నోటికి వచ్చింది గాని కంటికి రాలేదు. మన ఇళ్ళల్లో ఇప్పటికీ ఇలాంటి పిల్లలను చూస్తూంటాం.

ఇస్మాయిల్‌కు పన్నెండేళ్ళు దాటిన వేళ, 1857 మే 10న, రంజాన్ మాసంలో, ఆయన పుట్టిన ఊళ్ళోనే పెద్ద తిరుగుబాటు మొదలైంది. ముందు రోజు సంకెళ్ళు వేసి జైలులో పెట్టిన 85 మంది గుర్రపు దళం సిపాయిలను తోటి సిపాయిలు విడిపించి, రాత్రికి రాత్రే ఢిల్లీ దారి పట్టారు. ఆ తరువాత జరిగినదంతా చరిత్రలో ఉన్నది. ఢిల్లీ పడిపోయింది. ఉత్తరాదిలో ఎన్నో ముస్లిం కుటుంబాలు నిలువ నీడ లేకుండా అయిపోయాయి. పాత మక్తబులను పోషించే నవాబులు, జమీందార్లు చితికిపోయారు. 1837లోనే కచేరీలలో ఫార్సీ స్థానం పోయింది. ఇక ఫార్సీ వల్లెవేయిస్తే రేపు అన్నం పెడుతుందన్న నమ్మకమూ పోయింది. అటు సర్కారు బడిలో ఉర్దూ నేర్పుతారట గాని, పసివాడి చేతిలో పెట్టడానికి తగిన పుస్తకం లేదు. ఈ సందులో పెరిగి పెద్దవాడైనవాడు మన ఇస్మాయిల్.

మీరట్‌లోనే నార్మల్ స్కూలులో చేరి చదువుకున్నారు. రేఖాగణితం అంటే ఇష్టం. దానితో రూర్కీ వెళ్ళి ఇంజనీరింగు చదువులో చేరారు గాని, మనసు నిలవక తిరిగి వచ్చేశారు. 1860లో, పదహారేళ్ళ వయసున, విద్యాశాఖ ఆఫీసులో గుమాస్తాగా కుదిరారు. చిన్న ఉద్యోగమే. కాని ఏ మంచి గడియలో చేరారో, ఆ శాఖను మళ్ళీ వదలలేదు. 1867 నుంచి 1870 దాకా సహారన్‌పూర్ బడిలో ఫార్సీ ఉపాధ్యాయుడు. తరువాత మళ్ళీ మీరట్‌కు, ఇన్స్పెక్టర్ ఆఫీసుకు. 1888లో ఆగ్రా సెంట్రల్ నార్మల్ స్కూలుకు ఫార్సీ పెద్ద మౌల్వీగా వెళ్ళి, 1899లో అక్కడి నుంచే పింఛను తీసుకున్నారు. లెక్కవేస్తే దాదాపు నలభై ఏళ్ళ నౌకరీ. చెప్పుకోదగ్గ సాహసాలు గాని, దర్బారులు గాని ఇందులో లేవు. సర్కారు వారు ఖాన్ సాహెబ్ బిరుదు ఇచ్చారు, అంతే.

కవిత్వంలోకి ఆయన అందరిలాగానే గజల్ దారినే వచ్చారు. దారి మళ్ళించింది మీరట్‌లోని మరో కవి, గులాం మౌలా ఖలఖ్. ఈయన 1860లలో కొన్ని ఇంగ్లీషు పద్యాలను ఉర్దూలోకి తెచ్చి జవాహిరె మన్జూమ్ అనే పేరుతో వెలువరించారు. ప్రియురాలి కురులు, సాఖీ, మధుపాత్ర లేకుండా కూడా పద్యం నడుస్తుందనీ, పురుగును గురించీ పొద్దును గురించీ కూడా వ్రాయవచ్చుననీ ఇస్మాయిల్ గారికి దాని వల్ల తోచింది. తాను కూడా కొన్ని ఇంగ్లీషు పద్యాలు అనువదించారు. 1874లో లాహోర్‌లో ముహమ్మద్ హుసేన్ ఆజాద్, హాలీ మొదలైనవారు కొత్త తరహా నజ్మ్‌ను ముషాయిరాలలోకి తెచ్చి పేరు పొందారు. చరిత్ర పుస్తకాలలో వారిదే పెద్దపీట. నా మట్టుకు నాకు, ఆ కొత్త నజ్మ్‌ను నాలుగేళ్ళ పిల్ల ఒడిలోకి చేర్చిన గుమాస్తా మౌల్వీకి కూడా ఆ పక్కనే పీట వేయాలనిపిస్తుంది.

ఆగ్రా నార్మల్ స్కూలు అంటే ఉపాధ్యాయులను తయారుచేసే బడి. పల్లెలకు వెళ్ళి పసిపిల్లలకు అలీఫ్ బే నేర్పవలసినవారు అక్కడికి వచ్చి కూర్చునేవారు. పిల్లవాడికి ఏది కష్టమో, పంతులుకు ఏది కష్టమో రెండూ తెలిసిన మనిషి గనుక ఇస్మాయిల్ గారి పుస్తకాలు గాలిలోంచి పుట్టలేదు. ముందు ఉర్దూ ఖాయిదా. దాని మీద ఉర్దూ మొదటి పుస్తకం, రెండోది, మూడోది, నాలుగోది, అయిదోది. మెట్టు మీద మెట్టు. మొదట అక్షరాలు, తరువాత రెండక్షరాల మాటలు, ఆ పైన చిన్న వాక్యాలు, మధ్య మధ్యన పాటలు. ఉత్తరాది బడులలో తరాల తరబడి ఇవే నడిచాయి. ఎన్నో మదరసాలలో ఉర్దూ చదువుకు ఈనాటికీ ఇవే ఆధారం.

ఆ పాటలలో ఏముంది? అంతా ఇంటి చుట్టుపక్కల కనిపించేదే. ఒక పాటలో ఆవు ఉంటుంది. అది గడ్డి తిని పాలు ఇస్తుంది, ఆ ఆవును ఇచ్చినవాడికి శుక్ర్ చెప్పమంటాడు కవి. ఇంకొకదానిలో నీటితో తిరిగే పిండిమర ఉంటుంది. పగలూ రాత్రీ అలుపు లేకుండా తిరుగుతుంది, పాట నడక కూడా ఆ చక్రం లాగానే తిరుగుతుంది. మిణుగురు పురుగును పట్టుకున్న పిల్లవాడూ, ఆ పురుగూ మాట్లాడుకునే పాట ఒకటి. తాబేలు, కుందేలు కథ ఒకటి. వాన తొలిచినుకు పాట మరీ మంచిది. మబ్బులో చినుకులన్నీ గుమిగూడి, నేనెంత, నా తడి ఎంత, ఈ ఎండిన నేల మీద పడి నేనేమి చేయగలను అని వెనకాడుతూ ఉంటాయి. ఒక చినుకు ధైర్యం చేసి ముందు దూకుతుంది. దాన్ని చూసి రెండోది, మూడోది, ఆ పైన వానే వాన.

నాకు అన్నిటికన్నా నచ్చినది పప్పు ఫిర్యాదు. వంటింట్లో ఒక పిల్ల పప్పుకు తాలింపు వేస్తూ ఉంటే, ఆ పప్పు తన గోడు వెళ్ళబోసుకుంటుంది. చేలో పచ్చగా ఉండేదాన్ని, కోశారు, నూర్చారు, తిరగలిలో పోసి విసిరారు, ఇప్పుడు కుండలో ఉడికించి మీద నెయ్యి మండిస్తున్నారు అని ఏడుస్తుంది. ఆ పిల్ల తక్కువది కాదు. నువ్వు చేలోనే ఉంటే మట్టిలో కలిసేదానివి, లేదా ఏ పశువో మేసేది, నేను నిన్ను రొట్టెతో తిని మనిషిని చేస్తున్నాను అని జవాబు చెబుతుంది. ఇందులో నీతి ఉంది, నవ్వు ఉంది, వంటింటి వాసన ఉంది. వీటన్నిటినీ మించి, పిల్లకు తెలియని మాట చాలా తక్కువ. మాట ముందే చెవికి తెలుసు, వస్తువు ముందే కంటికి తెలుసు. తెలియనిది ఒక్కటే, ఆ మాట కాగితం మీద ఎలా ఉంటుందో. ఇస్మాయిల్ గారు పిల్లల మీద ఒక్క బరువే పెట్టారు, రెండు బరువులు పెట్టలేదు. ఖాలిఖ్ బారీకీ ఆయన పాటలకూ ఉన్న తేడా ఇదే.

ఇక అంత్యప్రాస చేసే పని ఏమిటో చూద్దాం. మన తెలుగు పద్యంలో ప్రాస రెండో అక్షరంలో ఉంటుంది. ఉర్దూలో పాదం చివర ఉంటుంది, దానిని ఖాఫియా అంటారు. పప్పును ఉర్దూలో దాల్ అంటాం. జాల్ అంటే వల, గాల్ అంటే బుగ్గ, బాల్ అంటే వెంట్రుకలు, సాల్ అంటే ఏడాది, మాల్ అంటే సరుకు, చాల్ అంటే నడక. ఇవన్నీ కాగితం మీద పెట్టి చూడండి. అన్నిటికీ తోక ఒకటే, అలీఫూ లామూ. అలీఫ్ తన తరువాతి అక్షరంతో కలవదు కనుక లామ్ ప్రతి మాటలోనూ ఒకే రూపంలో విడిగా నిలబడుతుంది. మారేది తల ఒక్కటే. ఉర్దూ లిపిలో పిల్లలను అన్నిటికన్నా ఏడిపించేది ఏమిటంటే, ఒకే అక్షరం మాట మొదట ఒక రూపంలో, మధ్యలో ఒక రూపంలో, చివర మరో రూపంలో ఉంటుంది. ఖాఫియా మాటలను వరుసగా పెడితే తోక కదలదు. పిల్ల దృష్టంతా మారుతున్న తల మీదకు పోతుంది. చెవి ఒకటే చప్పుడు వింటుంది, కన్ను ఒకటే ఆకారం చూస్తుంది. ఈ రెండూ ముడిపడిన క్షణాన చదువు పుడుతుంది.

దీనికన్నా లోతైన ఉపకారం ఇంకొకటుంది. ఉర్దూలో హ్రస్వ స్వరాలకు అక్షరాలు లేవు. జబర్, జేర్, పేష్ అని పైనా కిందా చిన్న గుర్తులు ఉంటాయి. ఖాయిదాలో వాటిని పెడతారు, పై పుస్తకాలకు వచ్చేసరికి వాటిని తీసేస్తారు. అప్పుడు బే, నూన్ పక్కపక్కన కనబడితే ఏమని చదవాలి? బన్ అంటే అడవి. బిన్ అంటే లేకుండా. బున్ అంటే నేయి అని. మూడూ ఒకే రాత. పెద్దవారు సందర్భం చూసి పోల్చుకుంటారు. పసివాడికి ఆ శక్తి ఎక్కడిది? పై పాదం దిన్ అని ముగిసి ఉంటే, కింది పాదంలోనిది బిన్ కాక మరొకటి కాదు. పైన సున్ అని ఉంటే ఇది బున్. పైన తన్ అని ఉంటే ఇది బన్. కాగితం మీద లేని స్వరాన్ని ఖాఫియా చెవిలో ఊది చెబుతుంది. తప్పు చదివితే పాట తూకం చెడుతుంది, పిల్లవాడికే తెలిసిపోతుంది, పంతులు బెత్తం ఎత్తనక్కరలేదు. మన తెలుగు లిపిలో గుణింతం స్పష్టంగా వ్రాసి ఉంటుంది గనుక మనకు ఈ బాధ లేదు. అందుకే ఉర్దూలో ఖాఫియా విలువ మనం వెంటనే పోల్చుకోలేం.

ఇస్మాయిల్ గారు పోయిన చాలా ఏళ్ళకు, 1983లో, ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ నుంచి లినెట్ బ్రాడ్లీ, పీటర్ బ్రయంట్ అనే ఇద్దరు ఒక పరిశోధనను ప్రచురించారు. నాలుగైదేళ్ళ పిల్లలకు కొన్ని మాటలు వినిపించి, వాటిలో చప్పుడు కలవని మాట ఏదో చెప్పమన్నారు. అది బాగా పోల్చుకున్న పిల్లలే తరువాత సంవత్సరాలలో చదవడంలోనూ ముందున్నారని తేలింది. వారు అంతటితో ఆగలేదు. ఈ విషయంలో వెనకబడిన 65 మంది పిల్లలను తీసుకుని గుంపులుగా చేసి, కొందరికి చప్పుళ్ళు పోల్చడం మాత్రమే నేర్పారు, కొందరికి ఆ చప్పుళ్ళతో పాటు ప్లాస్టిక్ అక్షరాలు చేతికిచ్చి అదే నేర్పారు. అక్షరాలు చేతపట్టి నేర్చినవారే అందరికన్నా బాగా ముందుకు వచ్చారు. వారు చూసింది ఇంగ్లీషు పిల్లలను. అయినా మన మౌల్వీ సాహెబ్ పుస్తకాన్ని పక్కన పెట్టుకుని ఆలోచిస్తే, పాటా అక్షరమూ ఒకే పేజీలో ఎందుకు ఉండాలో అర్థమవుతుంది.

కాబట్టి తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లచేత పాట పాడించి, వచ్చిన చుట్టాల ముందు నిలబెట్టి అప్పజెప్పించి మురిసిపోవడంతో పని సగమే అవుతుంది. పాట నోటికి వచ్చాక పుస్తకం ముందు పెట్టి, మాట మాటకూ పిల్ల వేలు అక్షరం మీద పెట్టించాలి. నోరు ముందుకు పోయి వేలు వెనకబడితే ఆపి, మళ్ళీ అక్కడి నుంచే మొదలెట్టాలి. తరువాత మధ్యలో ఒక మాటను చేత్తో మూసి, అక్కడ ఏముందో చెప్పమనాలి. చెప్పాక చెయ్యి తీసి చూపాలి. ఉర్దూ రాని ఇళ్ళల్లో తెలుగుతోనే ఇది చేయవచ్చు. అక్క, ముక్క, చుక్క, కుక్క అని పలక మీద ఒకదాని కింద ఒకటి వ్రాస్తే, క కింద క వత్తు పిల్లవాడికి జన్మలో మరపు రాదు. అమ్మ, బొమ్మ, కొమ్మ, నిమ్మ అంటే మ వత్తు. గోడ, మేడ, నీడ, జాడ అంటే తోక నిలిచి తల మారడం. దీనికి ట్యూషను ఫీజు అక్కరలేదు, ఒక పలక, ఒక బలపం చాలు. చదువు రాని దాదీమా, నానీమా కూడా పాట పాడగలరు. వేలు పెట్టించే పని ఇంట్లో అక్షరం వచ్చిన ఎవరో ఒకరు చూసుకోవాలి.

ఇక్కడ ఒక వింత చెప్పకుండా ఉండలేను. పిల్లల చదువు కోసం ఇంతగా ప్రాసను నమ్ముకున్న ఈ మౌల్వీయే, ప్రాసను పూర్తిగా వదిలేసి కూడా పద్యాలు వ్రాశారు. నక్షత్రాలు నిండిన రాత్రిని గురించి ఒకటి, పిచ్చుక పిల్లల గురించి ఒకటి. ఉర్దూలో ఖాఫియా లేని నజ్మ్ వ్రాసిన తొలివారిలో ఆయన పేరు లెక్కించి చెబుతారు. ఆ రోజుల్లో ఇది చిన్న సాహసం కాదు. ఖాఫియా లేనిది కవిత్వమే కాదనేవారు నిండుగా ఉన్న కాలం. ఆయన లెక్క వేరు. ఎక్కడ చేతికర్ర అవసరమో అక్కడ ఇవ్వాలి, నడక వచ్చాక తీసేయాలి. ఖాయిదాలో జేర్ జబర్ పెట్టి పై పుస్తకంలో తీసేసినట్టే ఇదీ.

ఆయన పానిపట్‌కు చెందిన హజ్రత్ గౌస్ అలీ షా ఖలందర్ రహ్మతుల్లాహి అలైహి గారి మురీదు. నిరాడంబరమైన మనిషి. పింఛను తీసుకున్నాక ఆగ్రా వదిలి మీరట్ వచ్చేశారు. అందరూ విశ్రాంతి తీసుకునే వయసున ఆయన మరో పని తలకెత్తుకున్నారు. 1909లో, అరవై అయిదేళ్ళ ప్రాయంలో, ముస్లిం ఆడపిల్లల కోసం మద్రసా బనాతుల్ ముస్లిమీన్ అనే బడిని మీరట్‌లో స్థాపించారు. అప్పటికి నలభై ఏళ్ళ కిందటే, 1869లో, డిప్యూటీ నజీర్ అహ్మద్ తన కూతుళ్ళు చదువుకోవడానికి పుస్తకం దొరక్క మిర్ఆతుల్ ఉరూస్ అనే నవల తానే వ్రాసి ఇచ్చారు. అయినా ఆడపిల్లకు చదవడం నేర్పినా వ్రాయడం నేర్పకూడదనేవారు 1909 నాటికీ తక్కువేమీ లేరు. మగపిల్లల కోసం 1875లోనే అలీగఢ్‌లో సర్ సయ్యద్ గారి విద్యాలయం లేచింది. ఆడపిల్లల బడికి మాత్రం ప్రతి ఊళ్ళో ఎవరో ఒకరు ముందు దూకవలసి వచ్చింది. పప్పుకు జవాబు చెప్పిన ఆ చురుకైన పిల్లను కాగితం మీద సృష్టించినవాడు, చివరికి ఆ పిల్ల కూర్చోవడానికి బడి కూడా కట్టించాడన్న మాట. ఆ బడే తరువాత ఆయన పేరు మీద ఇస్మాయిలియా అయింది.

చివరి ఏళ్ళలో అలీగఢ్ వారు అమీర్ ఖుస్రో గ్రంథాలన్నిటినీ పరిష్కరించి అచ్చు వేయడానికి పూనుకున్నప్పుడు, ఖిరానుస్సాదైన్ అనే ఫార్సీ కావ్యం పని ఇస్మాయిల్ గారికి అప్పగించారు. కైఖుబాద్ సుల్తానుకూ అతని తండ్రి బుఘ్రా ఖాన్‌కూ జరిగిన సమావేశం అందులోని కథ. చిన్ననాడు మక్తబులలో ఖుస్రో పేరు మీద చెలామణీ అయిన పద్యాలతో సాగిన చదువుల కాలంలో పుట్టి, ముసలితనంలో ఆ ఖుస్రో కావ్యాన్నే ముందు పెట్టుకుని కూర్చున్నారు. 1917 నవంబరు 1న మీరట్‌లో కన్ను మూశారు. పుట్టినరోజుకు ఇంకా పదకొండు రోజులు ఉంది, అప్పటికి డెబ్బై మూడో ఏడు నిండేది. ఖిరానుస్సాదైన్ ఆ మరుసటి ఏడు, 1918లో, అలీగఢ్‌లో అచ్చయి వచ్చింది. ఆయన పుట్టిన మషాయిఖాన్ మొహల్లాను తరువాత ఇస్మాయిల్ నగర్ అని పిలవసాగారు.